కాలువ గట్టు మీద అమ్మోనియా బండి

నరసాపురం, భీమవరం చుట్టుపక్కల ఐసు ఫ్యాక్టరీలకు, రొయ్యల ప్లాంట్లకు అమ్మోనియా సిలిండర్లు చేరవేసే పనిని కొన్నేళ్లపాటు పర్యవేక్షించాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఇటువంటి ప్రమాదకరమైన సరుకు తోలే డ్రైవరు మూడు రోజుల శిక్షణ పొంది ఉండాలి, ప్రమాద సమయంలో ఏమి చేయాలో తెలిపే కార్డు క్యాబిన్‌లో చేతికందేలా ఉండాలి, బండి మీద సరుకును గుర్తించే అంతర్జాతీయ సంఖ్య (అమ్మోనియాకు 1005) కనబడాలి. మా బండ్లకు ఇవన్నీ ఉండేవి. కార్డు మాత్రం ఇంగ్లీషులో, సీటు కింద, నూనె గుడ్డల మధ్య ఉండేది.

ఒక మధ్యాహ్నం కాలువ గట్టు మీద ఎదురొచ్చిన గడ్డి ట్రాక్టరుకు దారి ఇవ్వబోయి మా బండి ఒక పక్కకు ఒరిగింది. తాడు తెగి సిలిండరు ఒకటి కింద పడింది. వాల్వుకు రక్షణగా ఉండవలసిన ఇనుప మూతను ఎవరో ఎప్పుడో తీసి, తిరిగి బిగించలేదు. వాల్వు మొదట్లోంచి ద్రవం చిమ్ముతుండగా, క్లీనరు కాలువలోంచి బకెట్టుతో నీళ్లు తెచ్చి నేరుగా దాని మీదే కుమ్మరించాడు. తెల్లని పొగ అంతకంతకూ పెరిగింది. అమ్మోనియా మైనస్ 33 డిగ్రీల వద్దే మరుగుతుంది కనుక, దాని ద్రవానికి కాలువ నీరు కూడా పొయ్యి మీది సెగ వంటిదే. అయితే గాలిలో తేలే పొగ మీదికి నీటిని సన్నని తుంపరగా చల్లితే అదే నీరు ఎంతో మేలు చేస్తుంది, ఎందుకంటే లీటరు నీటిలో సుమారు 700 లీటర్ల అమ్మోనియా వాయువు కరుగుతుంది. ఈ తేడా ఆ కుర్రవాడికి ఎవరూ చెప్పలేదు, చెప్పవలసినవాడిని నేనే.

ఆ పూట మమ్మల్ని కాపాడింది ఒక ముసలి రైతు. కొబ్బరి మట్టలు ఎటు ఊగుతున్నాయో చూసి, "ఇటొచ్చేయండి బాబూ, పైరగాలికి ఎదురు రండి" అని అందరినీ పిలిచాడు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయినప్పటి నుంచి మావైపు జనం ఘాటు వాసన తగిలితే చాలు, గాలి ఎటు వీస్తోందో చూడకుండా పరుగెడతారు. ఆ తరువాత ఫ్యాక్టరీ మెకానిక్కు ముసుగు తొడుక్కుని వచ్చి, కారే చోటు పైకి వచ్చేలా సిలిండరును దొర్లించాడు. ద్రవం ఆగి వాయువు మాత్రమే రాసాగింది, వాల్వు బిగించడానికి వ్యవధి దొరికింది.

తీరా చూస్తే, నీళ్లు చల్లడంతోనే డెల్టాలో పని ముగియదు. అమ్మోనియా కలిసిన ఆ నీరు కాలువలో పడితే దిగువనున్న రొయ్యల చెరువులకు, ఊరి మంచినీటి చెరువుకు చేరుతుంది. తూము మూయగలిగేది కాలువ నీటిని చూసుకునే లస్కరు ఒక్కడే, ఆయన నంబరు మా దగ్గర లేదు. ఆ వారమే కార్డును తెలుగులో రాయించి, డ్రైవరు ఎదుట అద్దం పక్కన అంటించాను. మూత లేని సిలిండరును ఎక్కించుకోవద్దని, దూరమైనా సరే గట్టు దారి వదిలి 216వ నంబరు జాతీయ రహదారి మీదుగానే వెళ్లాలని ఆదేశించాను. డీజిలు ఖర్చు పెరిగిందని యజమాని కొన్నాళ్లు సణిగారు. కార్డు మీద అగ్నిమాపక కేంద్రం నంబరు కింద, ఆ దారిలోని లస్కర్ల నంబర్లు నా చేత్తోనే రాశాను.