షేర్డ్ లైబ్రరీ డిపెండెన్సీలో ఆ వెర్షన్ నంబర్ ఎక్కడిది?

డెబియన్ అనే లినక్స్ సిస్టంలో, ప్యాకేజీ కంట్రోల్ ఫైల్లో ఆ ప్రోగ్రాంకి ఏ లైబ్రరీలు (చాలా ప్రోగ్రాంలు కలిసి వాడుకునే కోడ్) కావాలో చెప్పే ‘డిపెండ్స్’ దగ్గర చాలామంది వెర్షన్ నంబర్ చేత్తోనే రాసేస్తుంటారు. ఒక ఊహా లైబ్రరీ తీసుకుంటే ఇలా: లిబ్‌పటం1 (>= 1.4.2). 1.4.2 ఎందుకయ్యా అంటే, బిల్డ్ చేసిన రోజు మెషీన్లో అదే ఉంది. ప్రోగ్రాం వాడే ఫంక్షన్లన్నీ 1.1లోనే ఉంటే 1.3 ఉన్న సిస్టంలోనూ అది హాయిగా నడుస్తుంది, కానీ మనం రాసిన నంబర్ ఇన్‌స్టాల్ కానివ్వదు. తక్కువ నంబర్ రాస్తే ఇంకా ఇబ్బంది. ఇన్‌స్టాల్ అవుతుంది, నడిపాక ‘అన్‌డిఫైన్డ్ సింబల్’ (ఆ ఫంక్షన్ పేరు లైబ్రరీలో దొరకలేదు) అంటూ ఆగిపోతుంది. లేజీ బైండింగ్ (పిలిచినప్పుడే ఫంక్షన్ని వెతకడం) ఉంటే మొదట్లో కూడా కాదు, ఆ ఫంక్షన్‌ని పిలిచిన క్షణంలో.

అక్కడ ఉండాల్సింది ష్లిబ్స్:డిపెండ్స్ అనే వేరియబుల్ ఒక్కటే. బిల్డ్ చివర్లో డీపీకేజీ-ష్లిబ్‌డెప్స్ అనే టూల్ బైనరీలోని నీడెడ్ ఎంట్రీలు (కావాల్సిన లైబ్రరీల జాబితా) చదివి, ఒక్కో ఎస్ఓనేమ్ (వెర్షన్‌తో కూడిన లైబ్రరీ పేరు) ఏ ప్యాకేజీదో వెతికి దాన్ని నింపుతుంది. డీఎల్‌ఓపెన్‌తో ప్రోగ్రాం నడుస్తుండగా తెరిచే లైబ్రరీలు మాత్రం నీడెడ్‌లో ఉండవు కాబట్టి దానికి కనపడవు. వాటిని మనమే రాయాలి.

కనీస వెర్షన్ ఎంతో చెప్పేది లైబ్రరీ ప్యాకేజీలోని సింబల్స్ ఫైల్. లైబ్రరీ బయటికిచ్చే ఒక్కో ఫంక్షన్ పేరు (సింబల్), దాని పక్కన కావాల్సిన వెర్షన్ ఇందులో ఉంటాయి:

లిబ్‌పటం.ఎస్ఓ.1 లిబ్‌పటం1 #మిన్‌వెర్#
 పటం_తెరువు@బేస్ 1.0
 పటం_తిప్పు@బేస్ 1.4

#మిన్‌వెర్# ఉన్నచోట లెక్కేసిన నంబర్ పడుతుంది. ‘తెరువు’ ఒక్కటే వాడే ప్రోగ్రాంకి >= 1.0 వస్తుంది. ‘తిప్పు’ కూడా వాడితే >= 1.4. వాడిన సింబల్స్‌లో పెద్ద నంబరేదో అదే. పాత పద్ధతి ష్లిబ్స్ ఫైల్లో ఇంత వివరం ఉండదు, లైబ్రరీ మొత్తానికీ ఒకటే నంబర్.

ఇక్కడ 1.4-1 అని, చివర -1 అనే డెబియన్ రివిజన్‌తో రాయకండి. బ్యాక్‌పోర్ట్ (పాత రిలీజ్ కోసం మళ్లీ బిల్డ్ చేసిన ప్యాకేజీ) వెర్షన్ 1.4-1~బీపీఓ12+1 లాగా ఉంటుంది. టిల్డ (~) ఉన్నది లేనిదానికంటే చిన్నదిగా లెక్క, కాబట్టి అదే కోడ్ ఉన్నా షరతు తీరదు. ఉత్త 1.4 చాలు.

కొత్త వెర్షన్లో ఏదైనా సింబల్ మాయమైతే, సింబల్స్ ఫైల్ని పోల్చిచూసే డీపీకేజీ-జెన్‌సింబల్స్ మామూలు సెట్టింగ్‌లోనే బిల్డ్ ఆపేస్తుంది, డిఫ్‌లో ఆ లైన్‌ని ‘మిస్సింగ్’ అని చూపిస్తుంది. బిల్డ్ ముందుకెళ్తే చాలని ఆ లైన్ తీసేయడమే అన్నిటికంటే పెద్ద తప్పు. పబ్లిక్ హెడర్‌లో ఉన్న ఫంక్షన్ పోయిందంటే ఎస్ఓనేమ్ మారాలి. ఎవరూ వాడని లోపలి సింబల్ బయటికి లీకైనదైతేనే, అదీ వెతికి చూసుకున్నాక, తీసేయొచ్చు.

టూల్స్‌కి అందనిది ఇంకోటుంది. ‘తెరువు’ ఫంక్షన్ పేరు అదే, ఆర్గ్యుమెంట్లు అవే, కానీ 1.4 నుంచి కొత్త ఫ్లాగ్ ఒకటి తీసుకుంటోంది అనుకోండి. సింబల్ మారలేదు కాబట్టి ఏ హెచ్చరికా రాదు. ఆ ఫ్లాగ్ వాడే ప్రోగ్రాంకి >= 1.0 అనే పడుతుంది, 1.2 మీద తేడాగా నడుస్తుంది. ఆ లైన్లో 1.0ని 1.4 చేయాల్సింది మెయింటెయినరే. అంటే ప్రతి రిలీజ్‌కీ హెడర్ల డిఫ్ కళ్లతో చదవాలి, వేరే దారి లేదు. లైబ్రరీని వాడే ప్రోగ్రాం కేటాయించే స్ట్రక్ట్ సైజు పెరిగితే మాత్రం నంబర్ పెంచితే సరిపోదు, అది ఏబీఐ (బిల్డ్ అయిన ప్రోగ్రాంకీ లైబ్రరీకీ మధ్య ఒప్పందం) తెగడమే.

అప్పుడు లిబ్‌పటం2 అనే కొత్త ప్యాకేజీ వస్తుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఇన్‌స్టాల్ కావాలి, కాబట్టి వెర్షన్ లేని పేరుతో ఉన్న డేటా ఫైళ్లు లైబ్రరీ ప్యాకేజీలో ఉండకూడదు. ఆధారపడ్డవన్నీ మళ్లీ బిల్డ్ చేయాలి. ఎస్ఓనేమ్ మారకుండానే ఏబీఐ తెగిన సందర్భమూ ఉంది. 2024లో 32-బిట్ ఆర్మ్‌లో సమయాన్ని దాచే టైమ్_టీ టైప్‌ని 64 బిట్లు చేసినప్పుడు ప్యాకేజీ పేర్లకే టీ64 తగిలించారు, లిబ్‌ఎస్ఎస్ఎల్3టీ64 అలా పుట్టిందే.

జీలిబ్‌సీ (సీ భాషకి మూలమైన లైబ్రరీ) సంగతి కాస్త వేరు. 2021లో వచ్చిన 2.34లో థ్రెడ్ల లైబ్రరీ అయిన లిబ్‌పీథ్రెడ్‌ని లిబ్‌సీలో కలిపేశారు, ప్రోగ్రాం మొదలయ్యే ఫంక్షన్‌కీ కొత్త సింబల్ వెర్షన్ ఇచ్చారు. దాంతో 2.34 మీద బిల్డ్ చేసిన చిన్న హలో ప్రోగ్రాం కూడా 2.31 మీద ‘జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్’ అంటుంది. కంట్రోల్ ఫైల్లో నంబర్ తగ్గించి లాభం లేదు. ఏ పాత రిలీజ్ దాకా నడవాలో ఆ రిలీజ్‌ని విడిగా పెట్టుకున్న క్రూట్‌లోనే బిల్డ్ చేయాలి.