పొద్దున లేవనంటున్న పాత ఫోర్ వీల్ డ్రైవ్: లోపం పట్టుకున్న నా అనుభవం

మధ్యాహ్నం తాళం తిప్పగానే అందుకునే బండి, పొద్దున మాత్రం నాలుగైదు సెల్ఫ్‌లు కొడితే గానీ లేవడం లేదు. నాలుగు సిలిండర్ల పాత డీజిల్, ప్రీ చాంబర్ రకం (డీజిల్ ముందు ఒక చిన్న గదిలో అంటుకుని సిలిండర్‌లోకి వస్తుంది), డీజిల్ తోయడానికి మెకానికల్ రోటరీ పంపు. ఇలాంటి ఇంజన్లకు చలిలో ఆ గదిని వేడెక్కించే హీటర్ ప్లగ్గులే ప్రాణం. అందుకే అందరూ ముందు వాటి మీదే పడతారు. నేనూ పడ్డాను, సగమే నిజమైంది.

చల్లటి ఇంజన్ రోజుకు ఒక్కసారే దొరుకుతుంది. ఒకసారి స్టార్ట్ అయిందంటే మళ్లీ రాత్రంతా ఆగాల్సిందే. కాబట్టి పొద్దునకొక పరీక్ష, ఒకే ఒక్క మార్పు. రెండు పనులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

మొదటి రోజు బానెట్ కూడా ఎత్తలేదు. సైలెన్సర్ దగ్గర ఒకరిని నిలబెట్టి పొగ చూడమన్నాను. తిరుగుతున్నా పొగే లేకపోతే సిలిండర్‌లోకి డీజిల్ పోవడం లేదు. తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ పోతోంది, కాలేంత వేడి లేదు. నా బండికి మొదటి ఆరేడు సెకన్లు ఏమీ రాలేదు, తర్వాత గుప్పున తెల్లపొగ, ఆ పైన రెండు సిలిండర్ల మీద ఊగుతూ అందుకుంది. తెల్లపొగ రాసుకున్నాను, ముందరి ఆరేడు సెకన్లను వదిలేశాను. తప్పు అక్కడే జరిగింది.

తర్వాత బ్యాటరీ. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. సెల్ఫ్ కొడుతుండగా 9.6 కిందికి దిగకూడదు. నాది 10.4 దగ్గర నిలబడింది, బ్యాటరీకి వంక పెట్టడానికి లేదు. అయినా ఇంజన్ బరువుగా తిరుగుతోంది. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ పోస్టుకి (పైనున్న క్లాంపుకి కాదు, పోస్టుకే), రెండో కొన ఇంజన్ బ్లాక్‌కి పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే 0.7 వోల్టు వచ్చింది, అంటే అంత దారిలోనే పోతోంది. అక్కడ 0.3 దాటకూడదు. పాజిటివ్ వైపు సెల్ఫ్ మోటార్ దాకా 0.5 వరకు సర్దుకోవచ్చు. బురదలో తిరిగే బండ్లకు ఛాసిస్ దగ్గర ఎర్త్ పట్టీ (బ్యాటరీ నెగటివ్ నుంచి వచ్చేది) కొసన బోల్టు పట్టే కన్ను లోపల తుప్పు పడుతుంది, పైకి బాగానే కనిపిస్తుంది. విప్పి లోహం మెరిసేదాకా గీకి బిగిస్తే 0.15కి దిగింది. ఈ కొలతలు సాయంత్రం తీయాలి, పొద్దునను వాటికి ఖర్చు పెట్టొద్దు. పంపు మీది స్టాప్ సోలెనాయిడ్ వైరు పీకితే డీజిల్ ఆగిపోతుంది, ఇంజన్ అందుకోకుండా ఎంత కావాలంటే అంత తిప్పుకోవచ్చు. ఒక్కో విడత పది సెకన్లు దాటించకుండా, మధ్యలో సెల్ఫ్ మోటార్‌ని ఒక నిమిషం చల్లారనివ్వాలి.

మర్నాడు ఇంజన్ చురుగ్గా తిరిగింది కానీ తెల్లపొగ అలాగే ఉంది. అప్పుడు హీటర్ ప్లగ్గులు. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగి ఆరిందంటే అవి వేడెక్కినట్టేమీ కాదు, అది చాలా బండ్లలో టైమర్ మాత్రమే. ప్లగ్గులను కలిపే పట్టీ తీసేసి ఒక్కోదాన్ని విడిగా ఓమ్స్‌లో కొలవాలి. బతికున్నది దాదాపు ఒక ఓమ్ లోపు చూపిస్తుంది. రెండు అలా వచ్చాయి, మిగతా రెంటిలో లోపలి తీగ తెగిపోయింది. పట్టీ దగ్గరికి 11.6 వోల్టులు వస్తున్నాయి, అంటే ప్లగ్గులకు కరెంటు కలిపే రిలేది తప్పు లేదు. 12.5 ఉన్న బ్యాటరీ నుంచి 9 మాత్రమే చేరుతుంటే రిలే పాయింట్లు కాలినట్టు అనుకోవాలి, వోల్టేజి తగ్గించే రెసిస్టర్ ఉన్న బండి అయితే తప్ప. అలాంటి వాటికి ఆరు వోల్టుల ప్లగ్గులు ఉంటాయి, నేరుగా 12 ఇస్తే మాడిపోతాయి. ప్లగ్ ఒంటి మీద చెక్కిన అంకె చూడకుండా కొత్తవి కొనొద్దు.

విప్పడంలోనే అసలు భయం. ముందు రాత్రి తుప్పు వదిలే నూనె పోసి, ఇంజన్ వెచ్చగా ఉండగా పావు తిప్పు వదులు, మళ్లీ కాస్త బిగువు, మళ్లీ వదులు. మొండికేస్తే ఆపి ఇంకోసారి నూనె పోయాలి. హెడ్‌లో విరిగిందా, హెడ్ దింపే దాకా పోవచ్చు. నాలుగూ ఒకేసారి మార్చాను.

ఆ మర్నాడు తెల్లపొగ లేదు, ఊగుడూ లేదు. కానీ ఆరేడు సెకన్లు ఊరికే తిరగడం మిగిలింది! అప్పుడు గానీ మొదటి రోజు పట్టించుకోని ఆ గుర్తు తలకెక్కలేదు. రాత్రికి రాత్రి డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది. తర్వాతి పొద్దున సెల్ఫ్ కొట్టేముందు డీజిల్‌ని చేత్తో ఎక్కించే, ఫిల్టర్ మీది హ్యాండ్ పంపు గట్టిపడేదాకా కొట్టాను, పాతిక దెబ్బలు పట్టింది. ఒక్క సెల్ఫ్‌కే లేచింది.

ఎక్కడా చుక్క కారడం లేదు మరి. ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్‌ని పీల్చే వైపు కాబట్టి చిల్లు ఉంటే గాలి లోపలికి పోతుందే గానీ డీజిల్ బయటికి రాదు. ఫిల్టర్ నుంచి పంపుకి పోయే చోట లోపలిది కనిపించే డీజిల్ పైపు ఒక జానెడు పెట్టాను. ఇంజన్ నడుస్తుంటే అందులో ఆవగింజలంత బుడగలు వరుసగా పోతున్నాయి. చోటు తెలియడానికి వరుసను తలకిందులు చేశాను: ఒక డబ్బాలో డీజిల్ పోసి ఫిల్టర్ కంటే ఎత్తున కదలకుండా కట్టి, దాని నుంచి ఫిల్టర్‌కి పైపు ఇచ్చి రాత్రంతా వదిలేశాను. ఇప్పుడు డీజిల్ లోపలి నుంచి తోస్తుంది. పొద్దున చూస్తే హ్యాండ్ పంపు రబ్బరు కింద ఒక తడి పూస. పొర అంచున వెంట్రుక వాసి పగులు.

హ్యాండ్ పంపుతో పాటు ఓ రింగులు, రాగి వాషర్లు కూడా కొత్తవే వేశాను. ఒకసారి నలిగిన రాగి వాషర్ మళ్లీ సరిగ్గా కూర్చోదు, దాంతో ఇంకో గాలి దారి తెరిచినట్టవుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా లేవకపోతేనే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి, కొలవాలి. ఈ రకం ఇంజన్ ఆరోగ్యంగా ఉంటే 28 నుంచి 30 బార్ దాకా వస్తుంది, 20 దగ్గరికి పడిపోతే చలిలో లేవడం కష్టం. నాకు ఆ అవసరం రాలేదు. ఈథర్ స్ప్రే (స్టార్ట్ అవ్వడానికి గాలి దారిలో కొట్టే, ఇట్టే అంటుకునే ద్రవం) మాత్రం ఈ ఇంజన్ దగ్గరికి రానివ్వొద్దు. ఎర్రగా కాలిన ప్లగ్గుల మీద అది ముందే పేలి రింగులనూ పిస్టన్లనూ విరగ్గొడుతుంది.

ఇప్పుడు రెండు సెకన్లలో అందుకుంటోంది. బుడగలు చూడటానికి పెట్టిన పైపు వారం రోజులు ఉంచి, ఒక్క బుడగా రాలేదని నమ్మకం కుదిరాక తీసేసి రబ్బరు పైపు వేశాను. ఇంజన్ వేడికి ఆ ప్లాస్టిక్ బిరుసెక్కి మళ్లీ అక్కడే గాలి పీలుస్తుంది.