రాబర్ట్ స్మిత్ వదులుకోని పికప్

గిటారిస్టుల గిటార్ల కథలు చాలావరకు చౌకదానితో మొదలై ఖరీదైనదానితో ముగుస్తాయి. ఇంగ్లండు రాక్ బృందం ద క్యూర్‌లో పాడే, గిటారు వాయించే రాబర్ట్ స్మిత్ కథ అలా నడవదు. ఆయన మీద నాకున్న అభిమానంలో సగం ఆ గిటార్లదే.

1979లో మొదటి ఆల్బం నాటికి ఆయన దగ్గర ఉన్నది టాప్ ట్వంటీ అనే గిటారు. ఇంగ్లండులో వూల్‌వర్త్స్ దుకాణాలవాళ్లు ఇంటి సామాన్లతో పాటు అమ్మిన సరుకది. నిర్మాత క్రిస్ ప్యారీ దాన్ని చూసి, ముందు ఒక మంచి గిటారు కొనుక్కోమన్నారు. స్మిత్ ఫెండర్ కంపెనీవారి జాజ్‌మాస్టర్ గిటారు కొన్నారు. కొన్నదే తడవుగా పాతదాని పికప్ ఊడదీయించి, కొత్తదానిలో మూడోదిగా బిగించుకున్నారు! ప్యారీకి అది అస్సలు నచ్చలేదు. నాకు మాత్రం ఎంత నచ్చిందో చెప్పలేను.

పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు తిరిగిన సన్నని రాగితీగ, అంతే. పైన ఉక్కుతీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం కదిలి, రాగిలో విద్యుత్తు పుడుతుంది. చుట్లు ఎన్ని, అయస్కాంతం ఎంత బలమైనది అన్నదాన్ని బట్టి నాదం మారుతుంది. ధర తక్కువైనంత మాత్రాన నాదానికి సొంత గుణం లేకుండా పోదు.

ఈ నమ్మకంతోనే నా మొదటి గిటారు పికప్‌ను రెండోదానిలో పెట్టించడానికి కోఠి గుజరాతీ గల్లీ దగ్గర రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి పెట్టే కూలితో కొత్తదే వస్తుంది కదమ్మా" అన్నారు. ఇదే కావాలన్నాను. మరో మాట లేకుండా మూత విప్పి, తెగిన రాగిపోగును పట్టకారుతో పైకి లాగి, గాజుకాగితంతో పూత గీకి, ఒక్క చుక్క సీసం అంటించారు. మీటగానే పైస్థాయి స్వరాలు సూదుల్లా వచ్చాయి. మంద్రం పలుచన. నేను కోరుకున్నది సరిగ్గా అదే.

జాజ్‌మాస్టర్‌కు కూడా ఇలాంటి గతమే ఉంది. 1958లో జాజ్ వాద్యకారులను దృష్టిలో పెట్టుకుని ఫెండర్ దాన్ని తెస్తే, వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. ఇరవై ఏళ్ల తర్వాత టెలివిజన్ బృందపు గిటారిస్టు టామ్ వెర్లేన్, స్మిత్ లాంటివాళ్లు దాన్ని చేతిలోకి తీసుకున్నారు.

కానీ ఆయన గిటార్లన్నిటిలో నాకు ప్రాణం ఫెండర్ బాస్ సిక్స్. ఇది 1961లో వచ్చింది. ఆరు తీగలు, శ్రుతి మాత్రం మామూలు గిటారు కంటే ఒక స్థాయి కింద. తీగ పొడవు 30 అంగుళాలు. ఫెండర్ గిటార్లకు ఇది సాధారణంగా 25.5, మంద్రస్వరాలు పలికే బాస్ గిటారుకు 34. అంటే అటూ ఇటూ కానిది. 1981 నాటి 'ఫెయిత్' ఆల్బంలో స్మిత్ దీన్ని వాయించారు. 1989లో 'పిక్చర్స్ ఆఫ్ యూ' పాట మొదట్లో వినిపించే ఆ వరుస కూడా దీని మీదిదే. చిన్నప్పుడు పిన్ని దగ్గర వీణ నేర్చుకున్నదాన్ని కాబట్టి, నాకు అది వినగానే అనుమంద్రం తీగ గుర్తొస్తుంది. పిన్ని ఆలాపనను అక్కడ నిలిపితే వెంటనే పైకి రావాలనిపించేది కాదు. బాస్ వాద్యం కింద తన పని తాను చేసుకుంటుంటే, స్మిత్ దానికి కాస్త పైన, మంద్రంలోనే పాటలోని అసలు రాగాన్ని పాడిస్తారు. గిటారు అంటే పైస్థాయిలో మెరవాలనుకునేవాళ్లు ఆ పాటను హెడ్‌ఫోన్లతో ఒకసారి వినాలి.

తర్వాతి కాలంలో షెక్టర్ కంపెనీ ఆయన పేరుతోనే గిటార్లు చేసింది. అందంగా ఉంటాయి, ఇప్పుడు వేదిక మీద ఆయన చేతిలో కనిపించేవి ఎక్కువగా అవే. వాటి మీద నాకు అంత మమకారం కలగలేదు. ఒక్క అల్ట్రాక్యూర్ సిక్స్ తప్ప, ఎందుకంటే అది బాస్ సిక్స్ దారిలో చేసినది. ఎవరైనా అమ్ముతుంటే సికింద్రాబాద్ ఈ మూల నుంచి ఆ మూలకైనా వచ్చి చూస్తాను.