నవంబరు 2, ఆదివారం: పరలోకంలో ట్రావెల్ ఏజెంట్

క్షీరాబ్ది ద్వాదశి. తులసికోటలో గుచ్చడానికి ఉసిరి కొమ్మ కావాలని అమ్మ పొద్దున్నే రైతుబజారుకు తరిమింది. కాయలున్న కొమ్మే తేవాలట. ధర విన్నాక ఆకులు చాలేమో అనిపించింది కానీ, అమ్మతో ఎవరు పడతారు, కాయలదే తెచ్చాను. పూజ సాయంత్రం. మధ్యాహ్నమంతా ఖాళీ. అక్క కొడుకు ఫోన్‌లో చార్జింగ్ అయిపోయి నా గదిలోకి వచ్చి, "మామయ్యా, నీ లాప్‌టాప్‌లో గేమ్స్ ఏమున్నాయి?" అన్నాడు. గ్రిమ్ ఫాండాంగో రీమాస్టర్డ్, అంటే మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేసిన పాత ఆట, తెరిచి వాడి ముందు పెట్టాను.

ఆ ఆట కథ కూడా ఈ రోజుల్లోనే జరుగుతుంది. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్ల పండగ చేస్తారు. సమాధులనీ, ఇంట్లో పెట్టుకున్న ఫొటోలనీ బంతిపూలతో అలంకరిస్తారు. ఆటలో నాలుగు భాగాలు, ఒక్కో భాగం ఒక్కో ఏడాది ఆ పండగ రోజున నడుస్తుంది. లూకాస్‌ఆర్ట్స్ అనే గేమ్ కంపెనీ వాళ్లు ఆటను 1998 అక్టోబరు చివర్లో, సరిగ్గా ఆ పండగ ముందు విడుదల చేశారు. మనవాళ్లు సంక్రాంతికి సినిమా వదిలినట్టు.

హీరో మానీ కలవేరా ఒక అస్థిపంజరం. పరలోకంలో ట్రావెల్ ఏజెంటు. బతికుండగా మంచి పనులు చేసినవాళ్లకు నంబర్ నైన్ అనే రైలు టికెట్ ఇస్తాడు, నాలుగు నిమిషాల్లో గమ్యం చేరిపోవచ్చు. పుణ్యం చాలనివాళ్లు నాలుగేళ్లు నడవాలి. మానీకి దొరికే మొదటి కస్టమర్ అలాంటివాడే. వాడికి పిడిలో దిక్సూచి ఉన్న చేతికర్ర ఒకటి అంటగట్టి పంపించేస్తాడు. సరిగ్గా అప్పుడే అమ్మ గదిలోకి వచ్చింది. "పండగపూట ఆ ఎముకల గోల ఏంట్రా" అని మొదలుపెట్టి, కర్ర సంగతి చెప్పగానే ఆగింది. "పన్నెండో రోజు మనం గొడుగు, చెప్పులు, చేతికర్ర దానమిచ్చేది అందుకే కదా. దారిలో పనికొస్తాయని." ఈ ఆటను నేను ఎన్నోసార్లు ఆడాను, ఆ ముక్క నాకు తట్టనే లేదు.

1998లో గేమ్‌స్పాట్ అనే గేమ్‌ల వెబ్‌సైట్ ఈ ఆటను ఉత్తమ పీసీ ఆటగా ఎంచుకుంది. అయినా అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. ప్రచారం సరిపోలేదని కొందరంటారు. నాకైతే నమ్మకం లేదు. పాత నలుపు-తెలుపు క్రైమ్ సినిమాల వాతావరణం, మెక్సికో ఎముకల బొమ్మలు, చావు మీద జోకులు, దారి తోచని పజిళ్లు... దీన్ని పోస్టరు మీద ఒక్క వాక్యంలో ఎలా చెప్తారు? ఇది విడుదలైన మూడు వారాలకు హాఫ్-లైఫ్ అనే తుపాకుల ఆట వచ్చింది. దాన్ని అమ్మడానికి తుపాకీ బొమ్మ చాలు. ఇలా కథ, పజిళ్లతో నడిచే అడ్వెంచర్ ఆటలకు అప్పటికే రోజులు దగ్గరపడ్డాయి. 2000లో ఈ ఆట రచయిత టిమ్ షేఫర్ లూకాస్‌ఆర్ట్స్ నుంచి బయటికొచ్చి డబుల్ ఫైన్ స్టూడియో పెట్టుకున్నాడు.

ఆట వచ్చినప్పుడు నేను ఇంటర్. మా ఊళ్లో కంప్యూటర్ ఉన్న ఇల్లు వెతికితే గానీ దొరికేది కాదు, ఆట పేరు కూడా వినలేదు. కాబట్టి నాబోటివాళ్లకు అసలు విడుదల, రీమాస్టర్ వచ్చిన 2015 జనవరిలోనే. ఆ విడుదల కూడా తేలిగ్గా జరగలేదు. 2012లో డిస్నీ, లూకాస్‌ఆర్ట్స్ మాతృసంస్థ లూకాస్‌ఫిల్మ్‌ను కొనేసింది, మరుసటి ఏడాది లూకాస్‌ఆర్ట్స్‌ను మూసేసింది. హక్కులు డిస్నీ దగ్గర, తీసినవాళ్లు డబుల్ ఫైన్‌లో. మధ్యలో ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ పూనుకుంది కాబట్టి పని జరిగింది. 2014 జూన్‌లో ఈ3 అనే వీడియోగేమ్‌ల ప్రదర్శన వేదిక మీద సోనీ ఆ పేరు ప్రకటించగానే హాల్లో కేకలు. కథేంటో చెప్పాల్సిన అవసరమే లేకపోయింది.

నాకు బాగా నచ్చేది టేపుల సంగతి. పాత ఫైళ్లు బ్యాకప్ టేపుల మీద మిగిలాయి గానీ, వాటిని చదివే డ్రైవు దొరకడమే గగనమైందట. ఆఫీసులో సర్వర్ బ్యాకప్‌లు చూసుకునేవాణ్ణి కాబట్టి ఆ టెన్షన్ నాకు తెలుసు. ఫైలు ఉందని సంతోషించడం వేరు, అది తెరుచుకోవడం వేరు.

రీమాస్టర్‌లో మనుషుల బొమ్మలకు కొత్త పూత వేశారు, వెలుగునీడలు మార్చారు. వెనక కనిపించే దృశ్యాలు మాత్రం దాదాపు పాతవే, అంచులు మొద్దుగా ఉంటాయి. పీటర్ మెక్‌కానెల్ సంగీతాన్ని మెల్‌బోర్న్ సింఫనీ ఆర్కెస్ట్రాతో మళ్లీ వాయించారు. నన్నడిగితే పెట్టిన డబ్బులు దానికే చెల్లు. ఇంకో మంచి పని: ఒక అభిమాని సొంతంగా తయారుచేసుకున్న మౌస్ కంట్రోల్ పద్ధతిని అతని సాయంతోనే ఆటలో కలిపారు. అంతకుముందు ఎడమ బాణం నొక్కితే మానీ ఎడమకు నడిచేవాడు కాదు, నిలబడ్డ చోటే యుద్ధట్యాంకులా తిరిగేవాడు. ఆ పాత పద్ధతిలో ఆట మొత్తం పూర్తిచేసినవాళ్లకు ఒక ట్రోఫీ కూడా పెట్టారు, వెటకారానికి.

మావాడు మౌస్‌తోనే ఆడాడు. ఆఫీసులో ఉత్తరాలు వెళ్లే గొట్టం దగ్గర ఇరుక్కుపోయాడు. గాలి లేని బెలూన్లలో ప్యాకింగ్ ఫోమ్ నింపి గొట్టంలో వేయాలి. అది ఎవడికి తడుతుంది? నేను చెప్పకపోతే యూట్యూబ్ చూశాడు. చూడనీ. రెండో భాగంలో రుబకావా రేవు పట్టణం దాకా వచ్చాడు.

అక్కడ మీట నొక్కి పాత బొమ్మకూ కొత్త బొమ్మకూ మారుతూ కూర్చున్నాడు. ఒక్క మీటతో 1998 తెర మీదికొస్తుంది, మళ్లీ నొక్కితే 2015. కొత్త నీడలు బాగున్నాయని నేను. "నీడలెక్కువై మొహాలు కనిపించట్లేదు మామయ్యా, పాతదే క్లియర్‌గా ఉంది" అని వాడు. అక్క వచ్చి పిలిచేదాకా వాదన తెగలేదు. వచ్చే ఆదివారం వచ్చి పాత బొమ్మతోనే ఆడతాడట.