మా వీధి బుడమేరు

శనివారం. కాఫీ తాగగానే పార, రెండు సంచులు పట్టుకుని వీధి చివరికి వెళ్ళాను. మార్చి వచ్చిందంటే మా వీధిలో లైవ్ ఓక్ చెట్లన్నీ ఒక్కసారిగా ఆకు రాలుస్తాయి. దానికి తోడు గోధుమరంగు పూత పీచు. రెండూ కలిసి రోడ్డు వారనున్న తూము నోటికి చాప పరిచినట్టు అతుక్కుపోతాయి. పైపొర ఎండి గలగలలాడుతుంది. కింది పొర మాత్రం నానిన అటుకుల ముద్ద. పారకి రాదు, చేత్తోనే లాగాలి. రెండు సంచులూ నిండాయి. ఆఖరి ముద్ద ఊడి రాగానే లోపలెక్కడో నీళ్ళు జారిన చప్పుడయింది. అప్పుడు గానీ నాకు స్థిమితంగా ఉండదు.

ఈ తూముని నేను దత్తత తీసుకున్నాను. హ్యూస్టన్‌లో అడాప్ట్ ఎ డ్రెయిన్ అని ఒక పథకం ఉంది. మన వీధి తూముని ఎంచుకుని, దానికో పేరు పెట్టి, వానకి ముందు చెత్త తీస్తామని ఒప్పుకోవాలి. నేను పెట్టిన పేరు బుడమేరు, విజయవాడలో మా ఇంటిని ముంచిన వాగు పేరు. ఆ మాట చెప్పినప్పుడు నాన్న ఫోన్‌లో కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మధ్యాహ్నం పిన్ని కొడుకు భోజనానికి వచ్చాడు. పోయినేడాది చివర్లో ఇల్లు కొన్నాడు, ఇంకా బిల్లులన్నీ కొత్తే. గోంగూర పప్పు కలుపుకుంటూ ఫోన్ చూపించాడు. "అక్కా, నీళ్ళ బిల్లులో ఈ డ్రైనేజీ చార్జీ ఏంటి? నేను వాడిన నీళ్ళకి కట్టాను, మురుగుకి కట్టాను, మళ్ళీ పైనుంచి పడే వానకి కూడానా? ఎవరు పెట్టారు ఇది?"

ఏంటి అన్నదానికి జవాబు తేలిక. వానకి కాదు, వాన ఇంకకుండా మనం పరిచిన కాంక్రీటుకి. ఇంటి కప్పు, డ్రైవ్‌వే, వెనక వేసుకున్న పేషియో, అన్నీ కలిపి ఎన్ని చదరపు అడుగులో లెక్క వేస్తారు. 2011లో పెట్టిన రేటు, అంచు కట్టిన రోడ్డు పక్క ఇళ్ళకి ఏడాదికి చదరపు అడుగుకి 3.2 సెంట్లు, పక్కన మట్టి కాలువ ఉన్న వీధులకి 2.6 సెంట్లు. దాన్ని నెలనెలా నీళ్ళ బిల్లులో కలుపుతారు. మాకు 9 డాలర్ల చిల్లర వస్తోంది. వాడికి ఇంకొంచెం ఎక్కువ, ఎందుకంటే వాడి డ్రైవ్‌వే మూడు కార్లు పట్టేంత ఉంది.

ఎవరు పెట్టారు అన్నదాని దగ్గరే చిక్కు. తినడం అయిపోయి చేతులు ఎండిపోయినా ఇద్దరం బల్ల దగ్గరే కూర్చున్నాం.

2010 నవంబర్‌లో నగర చార్టర్, అంటే నగరానికి రాజ్యాంగం లాంటిది, మార్చమంటూ ఓటు పెట్టారు. వీధులకీ కాలువలకీ అప్పు చేయకుండా, వచ్చిన డబ్బుతోనే పని చేసే ప్రత్యేక నిధి కావాలా అని ప్రశ్న. దాని వెనక నిలబడి ప్రచారం చేసింది ఎక్కువగా ఇంజనీర్లు. 51 శాతం మంది కావాలన్నారు. కానీ బ్యాలెట్ మీద ఆ నిధికి డబ్బు జనం దగ్గర ఫీజుగా వసూలు చేస్తామన్న ముక్క లేదు. మేయర్ ఆనిస్ పార్కర్ హయాంలో, 2011లో నగర కౌన్సిల్ ఫీజు వసూలుకి ఆర్డినెన్స్, అంటే నగర చట్టం, చేసింది, ఆ వేసవిలో బిల్లులు మొదలయ్యాయి. 2015లో టెక్సస్ సుప్రీంకోర్టు, అసలు విషయమైన ఫీజు సంగతే ఓటర్లకి చెప్పలేదని తప్పుపట్టింది. ఆ ఎన్నిక చెల్లకుండా పోయింది. ఫీజు మాత్రం ఆగలేదు. ఆర్డినెన్స్ ఉందిగా!

"అంటే చెల్లని ఓటుకి చెల్లిన ఫీజా?" అన్నాడు వాడు.

నాకూ అక్కడే మంట. డబ్బు గురించి కాదు. జనం ఒప్పుకున్నారు కాబట్టి పెట్టాం అని ఒకరు, కౌన్సిల్ చేసింది కాబట్టి నడుస్తోంది అని ఇంకొకరు. అడిగినదేమో వేరు. ప్రశ్నలో లేని మాటకి జవాబు చెప్పారని ఓటర్ల నెత్తిన పెట్టడం అన్యాయం.

ఆ తర్వాత 2017 ఆగస్టు, హార్వీ తుఫాను. మాది నగరానికి పడమటి వైపు. ఆ నాలుగు రోజుల వాన గురించి ఇక్కడ రాయను, ఇంతకుముందు రాసుకున్నాను. అడిక్స్, బార్కర్ రిజర్వాయర్ల గేట్లు ఎత్తాక బఫెలో బయూ (బయూ అంటే ఇక్కడి వాగు) మా వైపు ఎలా పొంగిందో ఇప్పటికీ తలుచుకుంటే నిద్ర పట్టదు. 2018 నవంబర్‌లో అదే నిధిని, ఈసారి ఫీజు మాట కూడా రాసి, మళ్ళీ ఓటుకి పెట్టారు. నెగ్గింది. నేను కావాలనే వేశాను. పక్కింటి గోడ మీద నీటి చార ఇంకా పోలేదు అప్పటికి. వేరే ఎలా వేస్తాను?

తమ్ముడికి ఆ సంగతి చెప్పగానే, "అయితే నువ్వే పెట్టావు అక్కా" అన్నాడు. వాడు తేలిగ్గా అన్నాడు గానీ నాకు తగిలింది. నిజమే, 2018 నుంచి ఆ ఫీజులో నా సంతకం కూడా ఉంది. అది ఒప్పుకుంటాను. కానీ నేను ఒప్పుకున్నది కట్టడానికి మాత్రమే కాదు, ఖర్చు పెట్టడానికి కూడా. చార్టర్‌లో ఇంకో ముక్క ఉంది. ఫీజుకి తోడు, ప్రతి 100 డాలర్ల ఆస్తి విలువకి 11.8 సెంట్లకి సమానమైన పన్ను సొమ్ము, పాత అప్పుల కిస్తీలు పోగా, నగరం తన వంతుగా ఇదే నిధిలో వేయాలి. పూర్తిగా వేయడం లేదని ఇద్దరు ఇంజనీర్లు 2019లో కోర్టుకి వెళ్ళారు. 2024లో అప్పీలు కోర్టు వాళ్ళ వైపే చెప్పింది, 2025 జనవరిలో టెక్సస్ సుప్రీంకోర్టు అందులో వేలు పెట్టలేదు. తర్వాత మేయర్ జాన్ విట్‌మైర్ విడతలవారీగా వేస్తామని రాజీకి వచ్చారు. మన వంతు తప్పితే పెనాల్టీ పడుతుంది. వాళ్ళ వంతు తప్పిందని తేలడానికి ఇద్దరు మనుషులు ఐదారేళ్ళు తిరగాల్సి వచ్చింది.

పైగా నీళ్ళకి యజమానులు ఒకరు కాదు. వీధి కింది గొట్టం నగరానిది. ఆ గొట్టం వెళ్ళి కలిసే బయూలు 1937 నుంచి ఉన్న హారిస్ కౌంటీ ఫ్లడ్ కంట్రోల్ డిస్ట్రిక్ట్‌వి. ఎగువ రిజర్వాయర్లు ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌వి. గొట్టం ఎంత పెద్దదేసినా బయూ నిండి ఉంటే నీళ్ళు వెళ్ళవు. మా ఫీజు మొదటిదానికే.

సాయంత్రం నాన్నకి ఫోన్ చేశాను. విజయవాడ సింగ్ నగర్‌లో మా ఇంట్లోకి 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చినప్పుడు నాన్న మూడు రోజులు మేడ మీదే ఉన్నారు. అక్కడ ఇంటి పన్నులోనే డ్రైనేజీ పన్ను కూడా ఉంటుంది, బుడమేరు చూసుకునేది మాత్రం ఇరిగేషన్ శాఖ. ఇక్కడి కథంతా చెబితే చివరిదాకా విన్నారు. "ఎవరి కాలువైతే ఏంటమ్మా, నీళ్ళు మనింట్లోకే వచ్చాయి. డబ్బు ఎవరి చేతిలో ఉందో చూడు. వాళ్ళనే అడుగు" అన్నారు.

నాన్న మాటే నాకు సరైనదనిపించింది. హ్యూస్టన్‌లో బడ్జెట్ తెచ్చేది మేయర్, దానికి చేయెత్తేది 16 మంది కౌన్సిల్ సభ్యులు. 2010లో ఓటేసినవాళ్ళూ కాదు, కోర్టూ కాదు, ప్రతి ఏడాదీ ఆ నిధి పద్దు మీద చేయి వేసేది ఈ 17 మందే. జవాబు వాళ్ళే చెప్పాలి. ఫీజు ఎత్తేయమని నేను అడగను. 11.8 సెంట్లలో ఈ ఏడాది ఎంత వేశారు, మా వీధి గొట్టం జాబితాలో ఎన్నోది, ఈ రెండూ బిల్లు మీద ఎందుకు వేయరు, ఇదే అడుగుతాను. తూము పక్కన నా పేరు రాసుకున్నారు కదా. ఫీజు పక్కన వాళ్ళ పేర్లు కూడా ఉండనివ్వండి.

మంగళవారాల్లో కౌన్సిల్ ముందు మామూలు జనం మాట్లాడొచ్చు. సోమవారం పేరు ఇస్తాను. తమ్ముడు సెలవు దొరికితే వస్తానన్నాడు. రాత్రి కూర్చుని బిల్లు వెనక ప్రశ్నలు రాశాను, మూడు నిమిషాల్లో అయ్యేలా రెండుసార్లు పైకి చదివి చూసుకున్నాను. మొదటిసారి నాలుగు దాటింది. హార్వీ గురించి రాసిన రెండు వాక్యాలు కొట్టేశాను, అవి వాళ్ళకీ తెలుసు.

రేపు రాత్రికి వాన అంటున్నారు. చెట్టు మీద ఇంకా సగం ఆకు ఉంది. పార లోపల పెట్టలేదు.