రాధానగర్ తీరంలో వాన

పడమటి నుంచి సముద్రం మీదుగా నల్లగా కదిలి వస్తున్న వానను చూస్తూ, పరుగెత్తాలో అక్కడే నిలబడాలో మేము నలుగురం తేల్చుకునేలోగానే తడిసి ముద్దయ్యాము.

జూలైలో అండమాన్‌కు ఎవరైనా వెళతారా అని ఇంట్లో అందరూ అన్నారు. వారి మాటలో తప్పు లేదు. స్వరాజ్ ద్వీప్‌లో, అంటే నలుగురి నోటా ఇంకా హేవ్‌లాక్‌గానే ఉన్న ఈ దీవిలో, నైరుతి గాలులు నేరుగా వచ్చి తాకేది రాధానగర్ ఉన్న పడమటి ఒడ్డునే కనుక, అలలు మనిషెత్తున లేస్తున్నాయి. కాపలాదారు మమ్మల్ని మోకాలి లోతుకు కూడా వెళ్లనివ్వలేదు. అంత పొడవైన తీరంలో ఈ రోజు మాకు తోడుగా ఉన్నవి రెండు కుక్కలు, ఒక కొబ్బరిబోండాల బండి మాత్రమే.

బండి దగ్గరి పెద్దాయన మా మాటలు విని, "ఏ ఊరు బాబూ మీది?" అని అచ్చమైన శ్రీకాకుళం యాసలో అడిగారు. ఆయన తండ్రి ఎప్పుడో పని వెతుక్కుంటూ పోర్ట్ బ్లెయిర్‌కు ఓడలో వచ్చారట. బోండాం కొట్టి ఇస్తూ, ఈ గాలికి రేపు ఓడ కదలడం కష్టమని చాలా మామూలుగా చెప్పారు.

దేశమంతటికీ ఒకటే గడియారం కావడం వల్ల ఇక్కడ ఆరు గంటలు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. చీకట్లో గదికి తిరిగి వస్తుంటే, సోమవారం ఆఫీసుకు తప్పక వెళ్లవలసిన మిత్రుడే, ఓడ రద్దయిందా అని అందరికంటే ఎక్కువ ఆశగా అడుగుతున్నాడు.