ఇంటి ఓనరు బీరువాలో రివాల్వరు

విశాఖపట్నం పెదవాల్తేరులో మాకున్న రెండంతస్తుల ఇంట్లో కింది రెండు పోర్షన్లు అద్దెకిచ్చి, పైన మేము ఉంటున్నాము. నా పేరు మీద ఒక లైసెన్సు రివాల్వరు కూడా ఉంది. ఈ రెండు సంగతులూ తెలిసినవాళ్ళు వాటిని విడివిడిగా చూడలేరు. మా బావమరిది అయితే నలుగురిలో కూర్చున్నప్పుడు "నీకేటి బావా, బీరువాలో తుపాకీ పెట్టుకుని అద్దె అడగడానికి మొహమాటపడతావు" అంటాడు. నవ్వులాటకే అన్నా ఆ మాట నాకు నచ్చదు. ఇంటి యజమానిగా నాకు ఎదురయ్యే ఏ చిక్కుకూ ఆ ఆయుధం అక్కరకు రాదనీ, పరాయి కుటుంబాలు కాపురముండే ఇంట్లో దాన్ని ఉంచుకోవడం పెద్ద బరువనీ నా అభిప్రాయం.

అది నేను కొనుక్కున్నది కాదు. మా నాన్నగారు అనకాపల్లి వైపు హైవే మీద పెట్రోలు బంకు నడిపిన రోజుల్లో, సాయంత్రం వసూళ్ళు సంచిలో పెట్టుకుని ఊళ్ళోకి రావలసి వచ్చేది కనుక, లైసెన్సు తీసుకుని కాన్పూరులో తయారైన పాయింట్ ముప్పై రెండు బోరు రివాల్వరు కొన్నారు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం, లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, ఆయుధం ఆయన దగ్గర 25 ఏళ్ళు ఉన్నా, దాన్ని వారసుడి పేరుకు మార్పించుకునే వీలుంది. నాన్నగారు ఆ వయసు దాటాక నా చేత దరఖాస్తు పెట్టించారు. మన ఊరు పోలీసు కమిషనరేటు కనుక లైసెన్సు ఇచ్చే అధికారం కమిషనరుగారిది. స్టేషను నుంచి విచారణకు వచ్చారు; ఆయుధాన్ని జాగ్రత్తగా వాడడంలో శిక్షణ పొందినట్టు కాగితం అడిగారు; ఇంట్లో దాన్ని ఎక్కడ, ఎలా భద్రపరుస్తానో రాసి ఇమ్మన్నారు. కింద అద్దెకున్నవాళ్ళను కూడా నా గురించి రెండు మాటలు అడిగి వెళ్ళారు. ఓనరు అద్దెదారుల మంచిచెడ్డలు వాకబు చేయడం అందరికీ తెలిసిందే కానీ, ఓనరు ఎలాంటివాడో అద్దెదారులు చెప్పవలసి రావడం నాకైతే సబబుగానే తోచింది.

చట్టం ఇంకా బిగిసింది. 2019లో చేసిన సవరణతో ఒక మనిషి దగ్గర మూడు ఆయుధాలకు బదులు రెండే ఉండాలన్నారు. లైసెన్సు గడువును మాత్రం మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెంచారు. పెళ్ళి ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చి పక్కవాళ్ళ ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అన్నారు. ఎన్నికలు వచ్చాయంటే, డిపాజిట్ చేయమని ఉత్తర్వు అందినవాళ్ళు తీసుకెళ్ళి స్టేషనులో అప్పగించి రసీదు పుచ్చుకోవాలి. 2024లో నేను అలా ఇచ్చి, ఫలితాలు వచ్చాక తెచ్చుకున్నాను. ఆ మధ్యకాలంలో ఇల్లు ఎంత తేలికగా అనిపించిందో మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

ఇక సముద్రపు గాలి సంగతి. ఈ ఊళ్ళో ఇనుము అన్నది ఏదీ నిలవదు. కిటికీ గ్రిల్లు రెండేళ్ళకోసారి గీకించి రెడ్ ఆక్సైడు పూయించకపోతే చేతికి పొడిపొడిగా రాలుతుంది. రివాల్వరుకూ అదే గతి. నాన్నగారు దాన్ని తోలు పౌచులోనే ఉంచేవారు. తోలు చెమ్మ పీల్చుకుంటుందని తెలిశాక నేను నూనె గుడ్డలో చుట్టి, పక్కన చెమ్మ లాగే పొట్లాలు వేసి, వేరే పెట్టెలో పెడుతున్నాను. నెలకోసారి తలుపు గడియ వేసుకుని, ముందుగా గొట్టాన్ని కిందికి వంచి తెరిచి సిలిండరులోని ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని వెలుతురులో చూసి, గొట్టంలోకి సన్నని బ్రష్షు పోనిచ్చి, ట్రిగ్గరు చుట్టూ ఉన్న సందుల్లో నూనె చుక్క వేసి తుడుస్తాను. తూటాలు వేరే గదిలో, వేరే తాళంలో ఉంటాయి. దొంగ వస్తే ఈ రెండు తాళాలూ తీసేలోగా వాడు రామకృష్ణా బీచి దాటిపోతాడని మా అబ్బాయి ఎగతాళి చేస్తాడు. ఆ మాట నిజమే, కానీ కింది పోర్షనులో ఆరేళ్ళ పిల్ల ఉంది, చొరవగా మా ఇల్లంతా తిరుగుతుంది; దొంగ కన్నా ఆ పిల్ల చేతులే నాకు ముందు గుర్తుకొస్తాయి.

ఓనరుగా నా అసలు బాధలు వేరు. ఉప్పుగాలికి బాల్కనీ స్లాబు అడుగున పెచ్చులు ఊడి ఊచలు బయటపడడం, పై బాత్రూము నీరు కింది వంటింటి గోడలోకి దిగడం, మోటారు ఎవరు ఆపలేదన్న తగువు, ఆషాఢంలో ఇల్లు ఖాళీ అయితే శ్రావణం దాకా టులెట్ బోర్డు వేలాడడం, ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది ఇంటిపన్ను ఒక్కసారే కట్టి అయిదు శాతం తగ్గింపు దక్కించుకోవడం. 2021 నుంచి పన్నును అద్దె విలువ మీద కాక ఇంటి మూలధన విలువ మీద లెక్కకడుతున్నారు కనుక, ఏడాదికి పెంపు పదిహేను శాతం మించకూడదన్న పరిమితి ఉన్నా, ఆ మొత్తం అద్దెలో ఎంత కలపాలన్నది ఏటా ఇంట్లో ఒక చర్చ. ఇల్లు చూడడానికి వచ్చినవాళ్ళను "మీరు ఏమిట్లు?" అని అడిగే ఓనర్లు మా వీధిలోనే ఉన్నారు. నేను ఉద్యోగం ఎక్కడో, ఎంతమంది ఉంటారో అడిగి ఊరుకుంటాను. నేవీ వాళ్ళు బదిలీల మీద వస్తూ పోతూ ఉంటారు, యూనివర్సిటీ పిల్లలు రాత్రి పొద్దుపోయేదాకా మేలుకుంటారు, అంతకు మించి ఎవరితోనూ పెద్ద ఇబ్బంది లేదు.

అద్దె బాకీ పడినవాళ్ళూ లేకపోలేదు. ఒకాయన నాలుగు నెలలు "ఒకటో తారీఖున ఇచ్చేస్తాను బాబాయిగారూ" అంటూనే నెట్టుకొచ్చాడు. అలాంటప్పుడు నాకు పనికొచ్చినవి పదకొండు నెలల అగ్రిమెంటు, చేతిలో ఉన్న అడ్వాన్సు, వకీలు చేత ఇప్పించిన నోటీసు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం మొదట ఏడాదికి మించిన కౌలుకు రిజిస్ట్రేషను తప్పనిసరి అంది; ఆ అలవాటుతోనే ఊరంతా పదకొండు నెలల కాగితం మీద నడుస్తోంది. ఆస్తిని కాపాడుకోవడానికి ఎదుటివాడి ప్రాణం తీసేదాకా పోయే హక్కును భారతీయ న్యాయ సంహిత దోపిడీ, రాత్రివేళ కన్నం వేసి ఇంట్లో జొరబడడం వంటి కొద్ది సందర్భాలకే పరిమితం చేసింది. అందులో అద్దె బాకీ ఎక్కడా లేదు. బాకీ అడగడానికి వెళ్ళినవాడి నడుముకు ఆయుధం కనిపించిందంటే, అప్పటిదాకా ఎంత న్యాయం అతని వైపు ఉన్నా, ఆ క్షణాన బెదిరించినవాడిగా కేసులో ఇరుక్కుంటాడు.

డల్లాసులో ఉన్న మా మేనల్లుడి వ్యవహారం దీనికి పూర్తిగా ఎదురు. వాడికి అక్కడ అద్దెకిచ్చిన ఇల్లొకటి, సొంతానికి రెండు పిస్తోళ్ళు ఉన్నాయి. టెక్సాసులో 2021 సెప్టెంబరు నుంచి, చట్టం అడ్డుచెప్పని పెద్దలు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. ఇంకో విశేషం, అద్దెకిచ్చిన ఇంట్లో చట్టబద్ధంగా తుపాకీ ఉంచుకోవద్దని ఓనరు అద్దెదారును సాధారణంగా కట్టడి చేయలేడు. 2019లో అలా చట్టం చేశారు. "నా అద్దెదారు దగ్గర ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు మామయ్యా, అడగను కూడా" అన్నాడు ఫోనులో, ఏదో పెంపుడు పిల్లి గురించి చెప్పినట్టు. కుళాయి బాగుచేయించడానికి వెళ్ళినా ముందే కబురు పెట్టి, గంట కొట్టి, గుమ్మానికి ఇవతల నిలబడతాడట. మర్యాద కోసం చేసే పనే అయినా, దాని వెనక ఉన్న లెక్క నాకు రుచించలేదు. మా ఇంట్లో కింది వాళ్ళ గుమ్మం దగ్గర నిలబడి "అమ్మా, మోటారు ఆపారా?" అని కేకేస్తే చాలు.

అద్దెకు వచ్చేవాళ్ళకు రివాల్వరు సంగతి చెప్పాలా వద్దా అని చాలా రోజులు తర్జనభర్జన పడ్డాను. చెప్పమని నన్ను ఎవరూ నిర్బంధించలేదు. చెబితే బెదిరింపులా వినబడుతుందేమో, చెప్పకపోతే విచారణకు పోలీసులు వచ్చినప్పుడు బెదిరిపోతారేమో. చివరకు అగ్రిమెంటు రాసుకునే రోజునే, నీళ్ళ వేళలూ చెత్త బండి వేళలూ చెప్పే వరసలోనే, తాళాల సంగతితో సహా చెప్పేస్తున్నాను. ఒక కుటుంబం ఆ మాట విని మళ్ళీ రాలేదు. వాళ్ళను తప్పుపట్టను, చిన్నపిల్లలున్నవాడినైతే నేనూ అదే చేసేవాణ్ణి.

భద్రత కోసమే కదా అనేవాళ్ళకు నేను 2014 అక్టోబరు 12ను గుర్తుచేస్తాను. హుద్‌హుద్ తుపాను ఊరిని ఊడ్చేసిన తరువాత కరెంటు లేని చీకట్లో, దొంగలు పడుతున్నారన్న పుకార్ల మధ్య, రివాల్వరు నాన్నగారి బీరువాలో అలాగే ఉంది. మాకు కావలసివచ్చింది నీళ్ళు. కింది వాళ్ళూ మేమూ వంతులవారీగా ట్యాంకరు దగ్గర నిలబడ్డాము, వాళ్ళ గ్యాసు అయిపోతే మా పొయ్యి మీదే అందరికీ అన్నం వండాము.

బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి దీన్ని తన పేరుకు మార్చుకోనని తేల్చి చెప్పాడు. వచ్చే రెన్యువలు లోపు అనుమతి తీసుకుని లైసెన్సున్న డీలరుకు అమ్మేసి, ఆ డబ్బు పై స్లాబు వాటర్‌ప్రూఫింగుకు పెట్టాలని ఉంది. డీలరు చెప్పిన ధర ఆ ఖర్చులో సగానికి కూడా చాలదు.